టామ్ సాయర్ నేర్పిన తెలుగు

మా తరగతి గదిలో నల్లబల్లకు కుడిప్రక్కన ఒక అట్ట వ్రేలాడుతూ ఉండేది. దానిమీద ఎర్రసిరాతో 'కఠిన పదములు – అర్థములు' అని శీర్షిక. క్రింద ఎడమవైపున మాటలు, కుడివైపున అర్థాలు. వ్రాసినది నేనే. నా దస్తూరి గుండ్రంగా ఉంటుందని తోటి ఉపాధ్యాయులు మెచ్చుకొనేవారు. ఆ అట్టను చూచినప్పుడల్లా నాకు కొంచెం గర్వంగా కూడా ఉండేది.

వారానికి ఇరవై మాటలు. శనివారంనాడు ఒప్పజెప్పవలెను. ఎనిమిదవ తరగతిలో ఒక పిల్లవాడు ఏ శనివారమూ తప్పలేదు. 'ఔదార్యము' అనడమే తడవు, 'ఉదార గుణము, దాతృత్వము' అని ఊపిరి తీయకుండా చెప్పేవాడు. ఒకనాడు నాకేమి బుద్ధి పుట్టినదో, "ఆ మాటను సొంత వాక్యంలో పెట్టి చెప్పరా" అన్నాను. వాడు చేతులు కట్టుకొని, పైకప్పు వంక చూచి, "మా ఎద్దుకు ఔదార్యం వచ్చింది సార్, పశువుల డాక్టరు సూది వేశాడు" అన్నాడు.

నేను నవ్వబోయి తరగతి వైపు చూచినాను. నలభైమంది పిల్లలలో ఒక్కరూ నవ్వలేదు. ఎద్దుకు ఔదార్యం రావడంలో వారికి వింత ఏమీ కనబడలేదు. నా నవ్వు అక్కడే ఆగిపోయినది.

ఈ సంగతి జరిగినది పల్నాటిలో, గురజాలకూ పిడుగురాళ్లకూ నడుమ ఉన్న ఒక పల్లెటూరి ఉన్నత పాఠశాలలో. ఊరి పేరు చెప్పను. చెప్పితే ఆ ఎద్దు యజమానిని గుర్తుపట్టగలవారు ఇంకా ఉన్నారు. 2022లో పల్నాడు పేరుతోనే ఒక జిల్లా ఏర్పడి నరసరావుపేట దానికి కేంద్రమైనది. నేను చెప్పేది అంతకు చాలాకాలం ముందటి మాట.

కంఠస్థము చేయడమే తప్పు అని నేను అనబోవడం లేదు. మన వీధిబడులలో పిల్లలు అమరకోశము వల్లించినారు. స్వర్గానికి ఇన్ని పేర్లు, నీటికి ఇన్ని పేర్లు అని అర్థం తెలియకుండానే అప్పజెప్పినారు. కాని ఆ పిల్లవాడు కొంత పెరిగి కావ్యము పట్టుకొనేసరికి, నోటికి వచ్చిన ఆ మాటలన్నీ ఒక్కొక్కటే ఎదురువచ్చి పలుకరించేవి. ముందు పేరు విని ఉన్నాడు, తరువాత మనిషిని చూచినాడు. నా అట్టమీది మాటలకు ఆ యోగము లేదు. మా పిల్లలు శనివారం ఒప్పజెప్పిన మాటను మళ్లీ జన్మలో కలుసుకొనేది పరీక్ష కాగితం మీదనే.

పాఠశాలలో గ్రంథాలయము అనబడే ఒక ఇనుప బీరువా ఉండేది. తాళంచెవి ప్రధానోపాధ్యాయుల వద్ద ఉండేది. పుస్తకాలు చెడిపోతాయన్న భయంతో దానిని ఎవరూ తెరిచేవారు కారు. చెదపురుగులు మాత్రం తాళంచెవి అడగలేదు. వాటి బారిన పడగా మిగిలినవాటిలో నాకు నండూరి రామమోహనరావుగారి 'టామ్ సాయర్' కనబడినది. నండూరివారు (1927–2011) తరువాతి కాలంలో ఆంధ్రజ్యోతి దినపత్రికకు సంపాదకులుగా, 'విశ్వరూపము', 'నరావతారము' అనే విజ్ఞాన గ్రంథాల కర్తగా పెద్ద పేరు పొందినవారు. మార్క్ ట్వేన్ పిల్లల నవలలను తెలుగు బాలురకు దగ్గర చేసినది కూడా వారే. పుస్తకము ఒక్కటే ప్రతి, పిల్లలు నలభైమంది. కాబట్టి నేను పైకి చదవడము, వారు వినడము. రోజూ చివరి గంటలో ఇరవై నిమిషాలు. అవసరమైనచోట ఇంగ్లీషు మూలము దగ్గర పెట్టుకొని, ఆ ముక్క నా మాటల్లో చెప్పేవాడిని.

వినడము ద్వారా మాట వస్తుందా అని సందేహించేవారు ఉంటారు. రేడియోలో మాట్లాడుతూ ఈ ప్రశ్నకు జవాబు చెప్పవలసిన పని లేదనుకుంటాను. న్యాయపతి రాఘవరావుగారు, కామేశ్వరిగారు, రేడియో అన్నయ్య, అక్కయ్యలుగా ఒక తరము పిల్లలకు తెలుగు నేర్పినది చెవి మార్గానే గదా!

ట్వేన్ ఈ నవలను 1876లో ప్రచురించినాడు. మిసిసిపీ నది ఒడ్డున ఒక చిన్న ఊరు; తల్లిదండ్రులు లేని టామ్ అనే పిల్లవాడు; వాడిని పెంచే పోలీ పిన్ని. ప్రారంభంలోనే ఆ ప్రసిద్ధమైన ఘట్టము వస్తుంది. బడి ఎగగొట్టినందుకు శిక్షగా, సెలవునాడు పలకలతో కట్టిన దడి అంతటికీ వెల్ల వేయమని పిన్ని ఆజ్ఞ. దడి ముప్పై గజాల పొడవు, తొమ్మిది అడుగుల ఎత్తు.

మొదటిరోజే నేనొక నియమము పెట్టుకొన్నాను. కథ నడుస్తూ ఉండగా ఏ మాటకూ అర్థము చెప్పరాదు. తెలియని మాట వచ్చిన పిల్లవాడు నోటుపుస్తకంలో ఒక గీత గీసుకోవలెను, అంతే. ఇరవై నిమిషాలు అయిన తరువాత చూస్తే సగము గీతలకు పని ఉండేది కాదు. కథ తానే చెప్పివేసేది. మిగిలిన సగంలో కొన్నింటిని పిల్లలే ఒకరికొకరు చెప్పుకొనేవారు. ఇక నాకు మిగిలేవి నాలుగో ఐదో. ఏ మాటకు ఆగవలెను, ఏ మాటను పోనివ్వవలెను అన్నది తెలుసుకొనడానికి నాకు రెండు నెలలు పట్టినది. పోనివ్వడమే కష్టము. ఉపాధ్యాయుడికి తెలిసిన సంగతి నోటిలో ఉంచుకొనడము ఉడుకుడుకు గంజి పుక్కిట పట్టినట్లు ఉంటుంది.

సున్నము దగ్గర మాత్రము ఆగక తప్పలేదు. పిడుగురాళ్ల చుట్టుప్రక్కల సున్నపు బట్టీలున్న సంగతి శ్రోతలకు తెలిసినదే. మా తరగతిలో అయిదారుగురి తల్లిదండ్రులు ఆ బట్టీలలో పనిచేసేవారు. నేను ఏమరుపాటున, "సున్నపురాయిని నీటిలో కలిపి గోడకు వేస్తారు" అన్నాను. వెనుక బల్లమీది పిల్లవాడొకడు, ఏనాడూ నోరు విప్పనివాడు, లేచినాడు. "రాయి నీళ్లల్లో ఎట్లా కలుస్తుంది సార్? ముందు బట్టీలో కాల్చాలి గదా. కాలినాక నీళ్లు చల్లితే బుసబుస పొంగి, ఇచ్చుకొని పిండి అవుతుంది. అప్పుడు కలపాలి" అన్నాడు. ఆ తరువాత పది నిమిషాలు వాడే ఉపాధ్యాయుడు. రాయి, కాల్పు, పొంగు, పిండి, తేట, మడ్డి అని వాడు చెప్పగా బల్లమీద వ్రాసినవాడిని నేను. 'ఇచ్చుకొను' అని వాడన్నది 'విచ్చుకొను' అనే మాటే. పువ్వు విచ్చుకొనడము పాఠాలలో నూరుసార్లు చదివినాము. సున్నము విచ్చుకొంటుందని నాకు ఆనాడు తెలిసినది. ఇటువంటి మాటలు ఎంత విలువైనవో పండితులు గుర్తించనిది కాదు. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వంలో వ్యవసాయ పదాలతో మాండలిక వృత్తిపదకోశము 1962లోనే వెలువడినది. అది నా బల్లమీదనే ఉండేది. ఆ పిల్లవాడు కూడా నా ఎదుటనే ఉండేవాడు. పుస్తకాన్ని గౌరవించినాను గాని పిల్లవాడిని ఒక్క మాట అడిగిన పాపాన పోలేదు.

ఆ వెంటనే మరొక ఆట సాగినది. గోడకు వేసే క్రియలు ఎన్ని ఉన్నవి? ఆడపిల్లలు అందుకొన్నారు. పేడతో నేల అలుకుతాము, మట్టితో గోడ మెత్తుతాము, కళ్లాపి చల్లుతాము, గడపకు పసుపు పూస్తాము. 'మరి టామ్ సున్నము ఏమి చేసినాడు?' అని అడిగితే, "వాడు పులిమాడు సార్, వాడికి ఇష్టం లేదు గదా" అన్నది ఒక అమ్మాయి. 'పూయు' వేరు, 'పులుము' వేరు అని నేను చెప్పలేదు. నిఘంటువు కూడా అంత చక్కగా చెప్పలేదు. ఇష్టము లేనివాడు పులుముతాడు.

'వెల్ల' అనే మాటను పట్టుకొని నేను కొంచెం పాండిత్యము ప్రదర్శించినాను. వెలి అనగా తెలుపు. తెల్లని ఉల్లి వెల్లుల్లి. నెల అనగా చంద్రుడు. వాని తెల్లదనము వెన్నెల. వెన్న, వెండి, వెలుగు, అన్నీ ఆ ఇంటి పిల్లలే. పిల్లల కళ్లు మెరిసినవి. రోజూ ముద్దలో కలుపుకొని తినే వెల్లుల్లికీ ఆకాశంలోని వెన్నెలకూ చుట్టరికము ఉన్నదని ఎవరు అనుకొంటారు? వెంటనే ఒకడు, "మా అన్న వెంకటేశ్వర్లు కూడానా సార్?" అన్నాడు. ఇంకొకడు వెల్లువ అన్నాడు. వెంకటేశ్వర్లనూ వెల్లువనూ బయటికి పంపివేయడానికి ఆ గంట చాలలేదు.

టామ్ గడుసువాడు. వెల్ల వేయడము అందరికీ దొరకని భాగ్యమన్నట్లు నటించి, ఆపిల్ పండు కొరుకుతూ వచ్చిన బెన్ చేతికి కుంచె ఇచ్చి, పండు తాను తీసుకొన్నాడు. ఆ తరువాత గాలిపటము, గోలీలు, తాడు కట్టిన చచ్చిన ఎలుక, ఇట్లా ఊరి పిల్లల సొత్తంతా వాడి పాలబడినది. ఆ పూట నేను మా పిల్లల జేబులు ఖాళీ చేయించినాను. బొంగరము, దాని ఊడిన ములికి, చింతగింజలు, సైకిలు గొట్టము ముక్క, ఒక తాయెత్తు, అగ్గిపెట్టెలో పెంకుపురుగు. ప్రతి వస్తువునూ దాని పేరుతో, పేరుకు ముందు ఒక విశేషణంతో వ్రాయమన్నాను. బొంగరము వచ్చినప్పుడు పల్నాటి పిల్లలు బాలచంద్రుని బొంగరాలాట చెప్పకుండా ఊరుకొంటారా? వీరగాథలు పాడేవారి నుండి విన్నదంతా చెప్పినారు. వారికి విశేషణాలు లేవనుకొన్నవాడిని నేను!

రచయిత పేరు దగ్గర కూడా ఒక పాఠము దొరికినది. ఆయన అసలు పేరు శామ్యూల్ క్లెమెన్స్ (1835–1910). యౌవనంలో మిసిసిపీ నదిమీద పొగ ఓడలు నడిపినాడు. ఓడ ముందుభాగాన ఒకడు నిలబడి గుర్తులు కట్టిన తాడును నీటిలో వదలి లోతు చూచేవాడు. రెండవ గుర్తు వరకు నీరుంటే 'మార్క్ ట్వేన్' అని కేకవేసేవాడు. అనగా పన్నెండు అడుగులు. ఓడకు భయము లేదు. ఆ కేకనే ఆయన కలము పేరుగా పెట్టుకొన్నాడు. ఒక్కొక్క గుర్తు ఆరు అడుగులు. ఆరు అడుగులకు మనకు మాట లేదా? రెండు చేతులూ బారజాపితే ఒక బార. మా ఊళ్లలో బావి లోతును బారలతోనే చెప్పేవారు. కాబట్టి మార్క్ ట్వేన్ అంటే రెండు బారలు. ఈ సంగతి విన్న మరునాటి నుండి మా బడిలో ఆయనకు 'రెండు బారల తాత' అని పేరు స్థిరపడిపోయినది. జాన, మూర, బార అని పిల్లలు బల్లలనూ గోడలనూ ఒకరినొకరినీ కొలిచినారు. టామ్ దడి లెక్క కూడా కట్టినారు: పదిహేను బారల పొడవు, బారన్నర ఎత్తు. 'బారెడు పొద్దెక్కినది' అని వాళ్ల అవ్వ రోజూ అనే మాటలో పొద్దును కొలిచేది ఏ కొలతతోనో అప్పుడు తెలిసి, ఒక పిల్లవాడు బడి బయటకు పోయి సూర్యుని వైపు చేతులు చాచి చూచి వచ్చినాడు.

ఆదివారపు బడి ఘట్టము వచ్చిననాడు నాకు శాస్తి జరిగినది. అక్కడ పిల్లలు బైబిలు వాక్యాలు వల్లించవలెను. రెండు వాక్యాలకు ఒక నీలిచీటీ. పది నీలిచీటీలకు ఒక ఎర్రచీటీ. పది ఎర్రచీటీలకు ఒక పచ్చచీటీ. పది పచ్చచీటీలు తెచ్చినవానికి ఒక బైబిలు బహుమానము. లెక్క వేయండి, రెండువేల వాక్యాలు. టామ్ ఒక్కటీ సరిగా నేర్వలేదు. వెల్ల వేయించి సంపాదించిన సొత్తును చీటీలకు మారకము వేసి, అందరి ఎదుట బహుమానము అడిగినాడు. న్యాయాధికారిగారు ముచ్చటపడి, క్రీస్తు శిష్యులలో మొదటి ఇద్దరి పేర్లు చెప్పమన్నారు. టామ్ చెప్పిన పేర్లు దావీదు, గొల్యాతు. రాముని తమ్ముల పేర్లు చెప్పమంటే వాలిసుగ్రీవులు అన్నట్లు.

పిల్లలు పగలబడి నవ్వినారు. అందరికంటె పెద్దగా నవ్వినవాడు మన ఔదార్యము కుర్రవాడు. నేను చదువుతూనే ఉన్నాను గాని నా చూపు మాటిమాటికీ కుడివైపు గోడమీదికి పోతున్నది. నా ఎర్రసిరా అట్ట నీలిచీటీ కాక మరేమిటి? సాయంత్రము పిల్లలు వెళ్లిన తరువాత దానిని దింపి, చుట్టచుట్టి బీరువాలో పెట్టినాను.

మళ్లీ ఒకసారి దానిని బయటకు తీయవలసి వచ్చినది. ఆ సంగతి చెప్పడానికే ఈ ప్రసంగము ఒప్పుకొన్నాను.

మా తరగతిలో తండా నుండి వచ్చే ఒక బాలిక ఉండేది. పల్నాటి మెట్టప్రాంతాలలో లంబాడీ తండాలు అనేకము ఉన్నవి. మనవారు సుగాలీలు అంటారు. ఇంటిలో వారు మాట్లాడేది తెలుగు కాదు, లంబాడీ భాష. తెలుగు వారికి బడి భాష. ఆ సంవత్సరము జూలైలో, బడి తెరిచిన కొత్తలో, ఆ పిల్ల పాఠము మధ్య లేచి, మంచినీళ్లకు పోతానని చెప్పబోయి, తొందరలో 'పాణి' అన్నది. "ఇది తెలుగు తరగతి, తెలుగులో మాట్లాడు" అని నేను గద్దించినాను. పెద్దగా తిట్టలేదు. కొట్టలేదు. అందరూ నవ్వినారు, ఆమె కూర్చున్నది. అంతే. ఆ తరువాత అయిదు నెలలు ఆ పిల్ల నా తరగతిలో ఒక్క మాట మాట్లాడలేదు. హాజరు పిలిచినప్పుడు చెయ్యి ఎత్తేది. మొద్దు అనుకొన్నాను. ఆ మౌనానికి కారకుడను నేనే అన్న సంగతి నాకు తోచనే లేదు.

డిసెంబరులో గుహ ఘట్టానికి వచ్చినాము. టామ్, బెక్కీ అనే బాలిక, ఇద్దరూ సున్నపురాతి కొండలోని గుహలో దారి తప్పుతారు. చేతిలో కొవ్వొత్తులు. గబ్బిలము రెక్క తగిలి బెక్కీ దీపము ఆరిపోతుంది. ఒక ఊట ప్రక్కన కూర్చుంటారు. చివరి కొవ్వొత్తి కరిగిపోతుంది. నేను చదవడము ఆపి, కిటికీలు మూయించినాను. చీకటి అనే మాట ఒక్కటి చాలదు. మీకు ఎన్ని చీకట్లు తెలుసు? మసకచీకటి, చిమ్మచీకటి, కటికచీకటి, కారుచీకటి. పొలం కాపలాకు పోయే పిల్లలు వాటి తేడాలు చెప్పినారు. మసకచీకట్లో మనిషి కనబడతాడు, ముఖము కనబడదు. కటికచీకట్లో నీ చెయ్యి నీకు కనబడదు.

అప్పుడు వెనుకనుండి ఒక గొంతు వినబడినది. ఎవరిదో మొదట పోల్చుకోలేకపోయినాను. "బిలంలో అట్లా ఉండదు సార్. చీకటి చెవుల్లోకి వస్తుంది" అన్నది.

గుత్తికొండ బిలము మాకు దూరము కాదు. అదీ సున్నపురాతి గుహయే. లోపల చీకటి దారులు, నీటి మడుగులు ఉంటవి. ముచుకుందుడు నిద్రించినది అక్కడనే అని స్థానికుల విశ్వాసము. ఆ పిల్ల బంధువులతో కలిసి అక్కడికి పోయి, కొంతసేపు వెనుకబడి ఒంటరిగా చిక్కుకొన్నదట. చెప్పడము మొదలుపెట్టినది. గోడ తడుముకొంటూ పోవడము, ఎక్కడో బొట్టు బొట్టుగా పడే చప్పుడు, పిలిస్తే తన పిలుపే తిరిగి వచ్చి తనను భయపెట్టడము. మాట దొరకనిచోట చేతులతో చెప్పినది. తరగతి ఊపిరి బిగబట్టి విన్నది. "కాళ్ల కింద చల్లగా పాణి" అన్నది. అని, చటుక్కున నాలుక కరుచుకొని, నా వంక చూచినది.

ఆ చూపు నేను మరచిపోలేదు. జూలై నెల అంతా ఆ చూపులో ఉన్నది.

నేను బీరువా తెరిపించి అట్ట తెచ్చినాను. విప్పి చూపించినాను. పదునాలుగవ వరుసలో నా గుండ్రని అక్షరాలతో ఉన్నది: 'పానీయము – త్రాగదగినది, నీరు'. కఠిన పదమట! నలభైమందికి నేను బట్టీ పట్టించిన ఆ సంస్కృత శబ్దమే కాలక్రమాన అరిగి, కరిగి, ఆ పిల్ల ఇంట కుండలోని మంచినీళ్లు అయినది. లంబాడీ భాష ఆర్యభాషా కుటుంబములోనిది. సంస్కృతానికి దూరపు మనుమరాలు. ఆ సంగతి నేను కళాశాలలో చదువుకొన్నదే. చదువుకొన్నది ఒకచోట, ఆ పిల్ల ఒకచోట ఉండిపోయినారు. "అమ్మా, చెయ్యిని మీరేమంటారు?" అన్నాను. హాత్ అన్నది. అట్టమీద హస్తము ఉన్నది. చెవి? కాన్, కర్ణము ఉన్నది. పన్ను? దాంత్, దంతము ఉన్నది. పాలు దూద్, దుగ్ధము ఉన్నది. మా చీకటికి ఆమె చెప్పిన మాట, 'అంధకారము' ఇంటి ముంగిట నిలబడి ఉన్నది. ఒక్కొక్క మాట చెప్పినప్పుడల్లా మిగతా పిల్లలు అట్ట వంక, ఆమె వంక మార్చి మార్చి చూచినారు. తరగతిలో ఎవరికీ రాని కఠిన పదాలు ఆమెకు తల్లిపాలతో వచ్చినవి.

గిడుగు రామమూర్తి పంతులుగారు (1863–1940) సవర పిల్లలకు సవర భాషలోనే చదువు చెప్పించినారని ప్రతి ఆగస్టులోనూ తెలుగు భాషాదినోత్సవ సభలలో నేను ఉపన్యసించినాను. ఆ ఉపన్యాసాలలో ఒకటి ఆ జూలై తరువాతిదే.

ఈ నవలలో పిల్లలకు వివరించి చెప్పవలసిన చోట్లు కూడా ఉన్నవి, చెప్పకపోతే అన్యాయము. కథలోని దుర్మార్గుని పేరుకు ముందు అతని జాతి పేరు తగిలించి ఉంటుంది, అదీ అమెరికా ఆదివాసులను తేలికచేసి పిలిచే రూపంలో. "మిగతావాళ్లకు లేదు గదా సార్, వాడొక్కడికే పేరుకు ముందు కులం ఎందుకు?" అని ఒక పిల్లవాడు అడిగినాడు. అడిగినవాడు ఏ పేట నుండి వచ్చేవాడో తెలిసినవాడిని కాబట్టి నేను వెంటనే జవాబు చెప్పలేకపోయినాను. మరునాడు జాషువాగారి గురించి చెప్పినాను. వినుకొండలో 1895లో పుట్టిన మన పల్నాటి కవి. గుడిలోనికి రానివ్వబడని మనిషి తన మొర కాశీ విశ్వనాథునికి విన్నవించమని గబ్బిలాన్ని పంపుతాడు ఆయన 1941 నాటి కావ్యంలో. టామ్ గుహలోని గబ్బిలము దీపము ఆర్పినది. జాషువా గబ్బిలము మొర మోసినది. ట్వేన్ తన కాలపు మనిషి, ఆ కాలపు దోషము ఆయన పుస్తకంలో ఉన్నది అని చెప్పినాను. పిల్లవాడు తృప్తిపడినాడో లేదో తెలియదు. 'గబ్బిలము' మాత్రము అడిగి తీసుకొనిపోయినాడు.

అందరికీ మేలు జరిగినదని గొప్ప చెప్పుకోను. ఇద్దరు ముగ్గురు పిల్లలు ఆ ఇరవై నిమిషాలూ హాయిగా నిద్రపోయినారు. ఒక తెలివైన అమ్మాయి, వల్లించడంలో దిట్ట, అట్ట తీసివేసినందుకు నాతో అలిగినది. 'నేర్చుకోవడానికి ఏమీ ఇవ్వడం లేదు' అన్నది. ఆమెకు బహుజనపల్లి సీతారామాచార్యులవారి శబ్దరత్నాకరము ఇచ్చి, రోజుకొక మాట తెచ్చి తరగతిని ఓడించమన్నాను. అది ఆమెకు బాగా నచ్చినది. అందరికీ ఒకే తాళంచెవి పట్టదు. పాఠాలు వెనుకబడినవని పైవారి నుండి మాట వచ్చినది. పాఠాలు వెనుకబడిన మాట నిజమే. ఫిబ్రవరిలో ఆదివారాలు కూడా బడికి వచ్చి వాటిని పూర్తిచేసినాము.

సంవత్సరాంతపు పరీక్షలో ప్రశ్నపత్రము నేనే తయారు చేసినాను. అర్థాలు వ్రాయండి అనే ప్రశ్న పెట్టలేదు. అయిదు మాటలిచ్చి, టామ్ కథలో వాటికి తగిన చోటు చూపించి వ్రాయమన్నాను. వాటిలో ఔదార్యము ఒకటి. ఎద్దు కుర్రవాని కాగితము కొరకు కట్టలో వెదకి ముందుగా దానినే తీసినాను. ఆ జవాబు ఇప్పటికీ నాకు జ్ఞాపకము: "బెన్‌కు కుంచె ఇచ్చినది ఔదార్యము కాదు. అది ఔదార్యము అని బెన్ అనుకొన్నాడు. సారుగారి పుస్తకము బెక్కీ చింపినప్పుడు నేనే చింపినానని లేచి ఆమె దెబ్బలు టామ్ తిన్నాడు. అది ఔదార్యము. మా ఎద్దుకు వచ్చినది గాళ్లు."